1948 సెప్టెంబరు 17: వరంగల్ విన్న దక్కన్ రేడియో

(హనుమకొండలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు చరిత్ర పాఠం చెప్పిన మనిషి. ఏ తారీఖు వచ్చినా, ఆ రోజు మన ఊళ్ళో ఏం జరిగిందని పిల్లలను అడిగేవారని ఆయన శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన పేరిట మాట్లాడేటప్పుడు ఆ పద్ధతే పాటించాలనిపించింది. అందుకే ఒక్క తారీఖు తీసుకున్నాను. 1948 సెప్టెంబరు 17, శుక్రవారం. ఆ రోజు హైదరాబాదులో ఏం జరిగిందో పుస్తకాల నిండా ఉంది. ఆ రోజు రేడియో ముందు కూర్చున్న వరంగల్ ఏం విన్నది, ఎట్లా విన్నది, విన్నదాన్ని ఏం చేసుకున్నది అన్నది నా విషయం.

ముందు ఆ రేడియో ఎక్కడిదో చెప్పాలి. మన దేశంలో ప్రసారాలు సర్కారు పనిగా మొదలు కాలేదు. 1924లో మద్రాసులో కృష్ణస్వామి చెట్టి పూనికతో కొందరు ఔత్సాహికులు క్లబ్బు పెట్టుకుని, నలభై వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్‌తో పాటలు, ప్రసంగాలు వినిపించారు. మూడేళ్ళకే డబ్బు లేక మూతబడింది. 1927 జులై 23న బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ పెద్ద ఎత్తున మొదలై, 1930లో అదీ చేతులెత్తేసింది. కొన్నవాళ్ళు తక్కువ, లైసెన్సు రుసుము పెద్ద భారం, సెట్టు ధర మరీ భారం. అప్పుడే సర్కారు దిగింది. 1936 జూన్ 8న ఆలిండియా రేడియో పేరు వచ్చింది. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం ప్రారంభమయ్యాక తెలుగు మాట, తెలుగు పాట క్రమం తప్పకుండా గాలిలోకి ఎక్కాయి.

హైదరాబాదు కథ కూడా ఇలాగే ఒక ఔత్సాహికుడితో మొదలైంది. 1933లో మహబూబ్ అలీ అనే ఆయన చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారాలు మొదలుపెట్టారు. 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. ఆ తరువాత సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ నిలబెట్టారు. స్టూడియో యావర్ మంజిల్‌లో. దక్కన్ రేడియోగా పేరుపడ్డ ఈ స్టేషను 411 మీటర్ల మీద దొరికేది. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం, నాలుగు భాషల్లో కార్యక్రమాలు ఉండేవి. రాష్ట్ర జనాభాలో దాదాపు సగం తెలుగువాళ్ళే అయినా, ఆ స్టేషనులో పెద్ద భాష ఉర్దూ. ఆ రోజుల్లో బడి ఉర్దూలో, కచేరీ ఉర్దూలో, రేడియో కూడా ముందుగా ఉర్దూలో.

ఇక మన ఊరికి వద్దాం. హైదరాబాదు నుంచి వరంగల్‌కు నూట నలభై కిలోమీటర్ల పైచిలుకు. కాగితం మీద చూస్తే 5 కిలోవాట్లకు ఇదేమంత దూరం కాదనిపిస్తుంది. కానీ మీడియం వేవ్ తరంగం పగటిపూట నేలను పట్టుకుని పాకుతూ వస్తుంది. తడి నేల మీద, ఉప్పునీటి మీద అది చాలా దూరం పోతుంది. మన నేల రాతి నేల. ఓరుగల్లు కోటను నిలబెట్టిన ఈ గట్టి రాయి ఎండితే కరెంటును దాదాపు సాగనివ్వదు, దాని మీదుగా వచ్చే తరంగాన్ని మింగేస్తుంది. అందుకని పగలు హైదరాబాదు మాట ఇక్కడికి నీరసించి చేరేది. పొద్దు గుంకితే పరిస్థితి మారిపోయేది. పగలంతా తరంగాలను పీల్చేసే ఆకాశంలోని కింది పొర సూర్యుడు పోగానే సడలిపోతుంది. పైకి పోయిన తరంగం ఇంకా ఎత్తైన పొరకు తగిలి కిందికి దిగుతుంది. దాంతో ఎక్కడెక్కడివో స్టేషన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి వినిపిస్తాయి. హైదరాబాదు గొంతు కూడా నేల మీదుగా వచ్చేది ఒకటి, ఆకాశం నుంచి దిగేది ఒకటి అయ్యి, రెండూ కలిసినప్పుడు పెరిగి, ఢీకొన్నప్పుడు తగ్గి, అలలు అలలుగా వచ్చేది. మాట మధ్యలో మునిగి మళ్ళీ తేలేది. వానాకాలం మెరుపుల గరగర దీనికి అదనం. సెప్టెంబరు అంటే ఇంకా వానాకాలమే.

సెట్టు కొనుక్కుంటే పని అయిపోయేది కాదు. మిద్దె మీద రెండు వెదురు గడలు నిలబెట్టి, నడుమ రాగి తీగ లాగి కట్టాలి. కొసలకు పింగాణీ బిళ్ళలు ఉండాలి, లేకపోతే వాన పడ్డప్పుడు పట్టిన తరంగమంతా గడల గుండా నేలలోకి దిగిపోతుంది. ఆ తీగ నుంచి ఒక పోగు కిటికీలోంచి లోపలికి రావాలి. ఇంకో తీగ భూమిలోకి పోవాలి. పెరట్లో గొయ్యి తవ్వి, ఇనుప గొట్టం పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు కూరి, ఎండాకాలమైతే రోజూ చెంబెడు నీళ్ళు పోయాలి. కరెంటున్న ఇళ్ళు కొద్ది. లేనివాళ్ళది బ్యాటరీ సెట్టు. అది దిగిపోతే ఛార్జింగుకు మోసుకుపోవాలి, తిరిగి వచ్చేదాకా ఇంట్లో రేడియో మూగదే. మీట వేయగానే మాట రాదు. ముందు డయలు వెనక దీపం వెలుగుతుంది. లోపల వాల్వులు వేడెక్కేదాకా అర నిమిషం నిశ్శబ్దం. తరువాత సన్నని హోరు. అప్పుడు ఒక చెయ్యి నాబు మీద ఉంచి, ముల్లును వెంట్రుకవాసి జరుపుతూ, చెవి దగ్గరగా పెట్టి స్టేషను పట్టాలి. ఆ చెయ్యి అందరికీ ఉండేది కాదు. వీధికి ఒకరిద్దరే ఉండేవారు, వాళ్ళు నాబు ముట్టుకుంటే తక్కినవాళ్ళు మాట్లాడటం ఆపేసేవారు.

1947లో దేశం మొత్తం మీద ఉన్న రేడియో సెట్లు సుమారు 2,75,000. వింటున్న వాళ్ళు మాత్రం అంతకు ఎన్నో రెట్లు. ఒక్క సెట్టు చుట్టూ అరుగు నిండేది, గది నిండేది, కిటికీ బయట నిలబడేవాళ్ళు నిండేవారు. ఒంటరిగా రేడియో వినే అలవాటు తరువాతి కాలపు ట్రాన్సిస్టరుతో వచ్చింది. ఆ తొలి రోజుల్లో రేడియో అంటే గుంపే. వార్తతో పాటు ఆ వార్త మీద పక్కవాడి ముఖం ఎట్లా మారిందో కూడా చూసేవారు. మన రేడియో చరిత్రల్లో ఈ గుంపుకు పెద్దగా చోటు దక్కలేదు. ట్రాన్స్‌మిటర్ శక్తి ఎంత, డైరెక్టరు ఎవరు, ప్రారంభోత్సవం ఎవరు చేశారు అన్న వివరాలతో అధ్యాయాలు నిండిపోతాయి. మాట పలికిన చోట కథ ఆగిపోతుంది. మాట చేరిన చోట మొదలుపెట్టాలని నేనంటాను. ఎందుకో సెప్టెంబరు 17 చెబుతుంది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి అడుగుపెట్టింది. పెద్ద దండు షోలాపూరు వైపు నుంచి, ఇంకొకటి బెజవాడ వైపు నుంచి కోదాడ, సూర్యాపేట దారిన. 17 దాకా సాగిన ఆ ఐదు రోజుల్లో వరంగల్ విమానక్షేత్రం మీద బాంబులు పడ్డాయి. అంటే ఈ ఊరు యుద్ధాన్ని రేడియోలో మాత్రమే కాదు, మామునూరు దిక్కు నుంచి స్వయంగా కూడా విన్నది. ఒకే యుద్ధం గురించి హైదరాబాదు ఒక తీరున చెప్పేది, ఢిల్లీ మరో తీరున చెప్పేది. సరిహద్దు ఆవల కర్నూలు వైపు నుంచి భాగ్యనగర్ రేడియో పేరుతో రహస్య ప్రసారాలు ఇంకో తీరున చెప్పేవి. ముల్లు ఇటు జరిపితే ఒక నిజం, అటు జరిపితే మరో నిజం. ఏ గొంతులో ధీమా ఉంది, ఏ గొంతు తడబడింది, నిన్న చెప్పిన ఊరి పేరు ఇవాళ ఎందుకు చెప్పలేదు అని తూచి చూసుకోవడం ఈ ఊరి శ్రోత అప్పుడే నేర్చుకున్నాడు. పత్రికల మీద గట్టి నిఘా ఉన్న రాజ్యంలో పెరిగిన మనిషికి చెప్పని మాటను వినడం కొత్త విద్య కాదు. 1946 ఆగస్టు 11న వరంగల్ కోటలో జెండా ఎగరేసిన సందర్భంలో నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్లు బత్తిని మొగిలయ్యను చంపినప్పుడు, ఆ సంగతి తెలియడానికి ఈ ఊరికి ఏ స్టేషనూ అక్కర్లేకపోయింది.

17వ తేదీన ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. ఆ మాట ఆయనే రేడియోలో చెప్పారు. సాయంత్రం 5 గంటల నుంచి కాల్పుల విరమణ. ఆ సాయంత్రమే ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, భారత ప్రభుత్వ ప్రతినిధి కె.ఎం. మున్షీతో కలిసి రేడియో స్టేషనుకు వెళ్ళారు. అంతవరకు ఆయన ఆ స్టేషనులో అడుగుపెట్టలేదు. తన సొంత రేడియో, పదమూడేళ్ళుగా తన రాజ్యంలో పనిచేస్తున్న రేడియో. రాజు వస్తే పరచాల్సిన ఎర్ర తివాచీ పరవలేదని, లేచి నిలబడిన వాళ్ళు కూడా లేరని ఆ సాయంత్రం గురించి రాసినవాళ్ళు రాశారు. తన ప్రభుత్వం రాజీనామా చేసిందనీ, సైన్యానికి కాల్పులు ఆపమని ఆజ్ఞ ఇచ్చాననీ, రజాకార్ల సంస్థను నిషేధించాననీ, బొల్లారం, సికింద్రాబాదుల్లో భారత సైన్యం విడిది చేయవచ్చనీ నిజాం చదివారు. ఆ పాఠం సిద్ధం చేయడంలో మున్షీ చెయ్యి ఉంది. నిజాం తరువాత మున్షీ కూడా మాట్లాడారు.

నిజాం చదివింది ఇంగ్లీషులో.

నాలుగు భాషల్లో కార్యక్రమాలు నడిపిన స్టేషను అది. ఉర్దూలో విశ్వవిద్యాలయమే నడిపిన ప్రభువు ఆయన, ఆ భాషలో స్వయంగా కవిత్వం చెప్పినవాడు. అలాంటి మనిషి తన జనంతో మైకు ముందు నిలిచి మాట్లాడిన ఆ ఘడియలో జనం భాషలు నాలుగూ స్టూడియో బయటే ఉండిపోయాయి. ఆ మాట ఢిల్లీకి అర్థం కావాలి, బయటి ప్రపంచానికి అర్థం కావాలి. భద్రతామండలిలో హైదరాబాదు ఫిర్యాదు అప్పటికి ఇంకా పెండింగులోనే ఉంది. వరంగల్‌కు అర్థం కావాలన్న తొందర ఆ గదిలో ఎవరికీ లేదు.

ఇప్పుడు ఆ మాట ఇక్కడికి వచ్చిన తీరు ఆలోచించండి. సెప్టెంబరు మధ్యలో ఇక్కడ పొద్దు గుంకేది ఆరుంబావు ప్రాంతాన. సాయంత్రపు ప్రసారం అంటే సరిగ్గా పగటి తరంగం పోయి రాత్రి తరంగం దిగే సంధి. స్టేషను నిలకడగా నిలవని సమయం. గదిలో ఇరవై మందో ముప్పై మందో ఉంటే, అందులో ఇంగ్లీషు తెలిసినవాళ్ళు ఒకరిద్దరు. ఒక వకీలో, ఒక రైల్వే ఉద్యోగో, కాలేజీలో చదివి వచ్చిన పిల్లవాడో. వాళ్ళు వింటూ వింటూనే చెప్పాలి. ఉర్దూ బడిలో చదివినవాళ్ళకు ఉర్దూలో, మిగిలిన వాళ్ళకు తెలుగులో. ‘ఏమన్నడు?’ అంటే ‘ఫౌజును ఆపిండట’ అని. ‘రజాకార్లు?’ అంటే ‘లేరు పొమ్మన్నడు’ అని. ఇవి ఏ పుస్తకంలోంచో తీసిన మాటలు కావు, ఇలాగే ఉండి ఉంటాయని నేను అనుకుంటున్న మాటలు.  ఇంగ్లీషులో చదివిన ప్రకటన అలా తెలుగై పల్లెలకు పోయి ఉంటుంది. ఆ పని చేసింది గదిలో నిలబడ్డ ఆ ఒకరిద్దరే అనుకుంటాను. వాళ్ళకు జీతం లేదు, పేరు లేదు, ఏ రికార్డులోనూ వాళ్ళ మాట లేదు. ఆ సాయంత్రపు అసలు తెలుగు ప్రసారం వాళ్ళదే. ఈ మాట చెప్పడానికే నేను ఇవాళ ఇక్కడ నిలబడ్డాను.

ఆ గదుల్లో అందరూ ఒకే మనసుతో వినలేదన్నది కూడా చెప్పాలి. పండుగ చేసుకున్న వీధి పక్కనే, తలుపులు వేసుకుని భయపడ్డ వీధి ఉంది. ఒకే వాక్యం ఒక ఇంటికి విడుదల, ఇంకో ఇంటికి రేపటి బెంగ. సంస్థానంలో చాలాచోట్ల ఆ బెంగే నిజమైంది. రజాకార్లతో ఏ సంబంధమూ లేని సామాన్య ముస్లిం కుటుంబాలు పశ్చిమ జిల్లాల్లో ఘోరంగా నష్టపోయాయి. ఇక ఈ జిల్లా పల్లెల్లో రైతాంగ సాయుధపోరాటం నడుస్తూనే ఉంది. యుద్ధం ముగిసిందని రేడియో చెప్పిన మూడేళ్ళకు, 1951 అక్టోబరులో గానీ ఆ పోరాట విరమణ జరగలేదు. 1948 సెప్టెంబరు 23న నిజాం మళ్ళీ రేడియోలో మాట్లాడి, జరిగినదానికి రజాకార్లను తప్పుపట్టారు. అప్పటికి ఇక్కడి శ్రోతకు గొంతులను తూచడం బాగా అలవాటైంది.

తరువాతి సంగతులు తొందరగా చెబుతాను. అదే ఏడాది డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆలిండియా రేడియో హైదరాబాదు కేంద్రంగా మారింది. చిన్నగూడూరులో పుట్టి, నిజాం జైల్లో కూర్చుని పద్యాలు చెప్పిన దాశరథి కృష్ణమాచార్య ఆ కేంద్రంలో ఉద్యోగిగా చేరారు. నిర్బంధించిన రాజ్యం గొంతే తరువాత ఆయన చేతికి వచ్చిందన్నమాట. ఈ ఒక్క విషయం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. మద్రాసులో పిల్లల కార్యక్రమాలు నడిపిన రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి హైదరాబాదు వచ్చారు. పంచాయతీ ఆఫీసుల్లో సర్కారు సెట్లు వచ్చాయి. సాయంత్రం గుంపు మళ్ళీ చేరింది, ఈసారి పంటల గురించి వినడానికి.

అయితే ఆ తెలుగు ఎవరిది? మద్రాసు నుంచి వచ్చినా, విజయవాడ నుంచి వచ్చినా, హైదరాబాదు నుంచి వచ్చినా, మైకు ముందు పలికిన తెలుగులో వరంగల్ మనిషికి తన ఇంటి మాట దొరకడం అరుదు. ఈ ఊరికి చెవులకు కొదవ లేదు. మట్టెవాడలో పుట్టిన నేరెళ్ళ వేణుమాధవ్ ఎవరి గొంతునైనా విని అచ్చంగా పలికించగలిగారు, ప్రపంచమంతా తిరిగి మెప్పించారు. ఇంత చెవి ఉన్న ఊరికి తన గొంతును గాలిలోకి పంపే చోటు 1990 దాకా లేదు. ఆ ఏడు వరంగల్‌లో ఆకాశవాణి కేంద్రం వచ్చాక, 103.5 మెగాహెర్ట్జ్ మీద ఇక్కడి కళాకారులు, ఇక్కడి రైతులు, ఇక్కడి యాస వినిపించాయి. మద్రాసు కేంద్రం మొదలైన 1938 నుంచి లెక్కేస్తే యాభై రెండేళ్ళు వరంగల్ వినడమే చేసింది. అంతకాలం విన్న ఊరికి విన్నదాన్ని చెప్పే హక్కు ఉంది.

చెప్పడానికి కాలం మించిపోతున్నది. దక్కన్ రేడియో కాలం ప్రసారాలు చాలా మటుకు అప్పటికప్పుడు మైకు ముందు చేసినవే. టేపులు లేని రోజులు, పలికిన మాట పలికినట్టే గాలిలో కలిసిపోయింది. మిగిలిన సాక్ష్యం విన్నవాళ్ళ జ్ఞాపకం. ఆ సాయంత్రం పదేళ్ళ వయసులో కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు. ఈ సభలో కూర్చున్న మీ ఇళ్ళలోనే అలాంటివాళ్ళు ఉండవచ్చు.

నిర్వాహకులను నేను ఒకటి అడుగుతున్నాను. వచ్చే ఏడాది ఈ ఉపన్యాసానికి కేటాయించే సొమ్ములో కొంత తీసి, ఆ పెద్దల మాటలు రికార్డు చేయించండి. కాకతీయ విశ్వవిద్యాలయం చరిత్ర విద్యార్థులు ఈ పని ఇష్టంగా చేస్తారు. రికార్డులను 1904 నుంచి ఈ ఊరి చదువును కాపాడుతూ వచ్చిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయంలో ఉంచితే అందరికీ అందుబాటులో ఉంటాయి. అడగవలసిన ప్రశ్నలు పెద్దవేమీ కావు. సెట్టు ఎవరింట్లో ఉండేది? నాబు ఎవరు తిప్పేవారు? ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుని వినేవారు? గదిలోకి రానివ్వని కులాలవాళ్ళు ఎంత దూరంలో నిలబడేవారు, వాళ్ళకు మాట చేరేదా? భయపడి తలుపు వేసుకున్న ఇంట్లో రేడియో మోగిందా, ఆపేశారా? నిజాం ఇంగ్లీషులో చదివినప్పుడు మీకు తెలుగులో చెప్పింది ఎవరు? ఆయన పేరేమిటి?